వారానికి రెండు ప్యాకెట్లు

(కర్నూలులో ఒక సేవా క్లబ్బు వారు తమ వారపు సమావేశానికి మన ప్రసూతి వార్డు సీనియర్ సిస్టరు గారిని అతిథిగా ఆహ్వానించారు. అక్కడ ఆమె చేసిన ప్రసంగ పాఠం ఇది. క్లబ్బు సభ్యులను ఉద్దేశించి చెప్పిన మాటలే అయినా, వార్డుల్లో రోగుల పక్కన కూర్చున్న బంధువులందరికీ ఉపయోగపడతాయని ఇక్కడ ప్రచురిస్తున్నాం.)



మీ సమావేశాలకు పెద్ద పెద్ద డాక్టర్లు, ఆడిటర్లు, ప్రిన్సిపాళ్లు వచ్చి మాట్లాడి ఉంటారు. ఈ వారం ఒక నర్సును పిలిచారు. ఇరవై నిమిషాలు సమయం అన్నారు. పక్క గదిలో ఉగ్గాని, బజ్జీలు సిద్ధమవుతున్నాయని వాసనే చెబుతోంది గనుక నేను ఆ ఇరవై నిమిషాలు దాటను.

నేను చాలా ఏళ్లుగా కాన్పుల వార్డులో పని చేస్తున్నాను. మా ఆసుపత్రిలో రక్తం నిల్వ చేసే ఫ్రిజ్ ఉంది. కానీ రక్తం సేకరించడానికి లైసెన్సు లేదు. కావలసిన రక్తం పట్నంలోని రక్తనిధి నుండి తెచ్చుకుని దాచుకుంటాము. కొన్నేళ్ల కిందట మే నెలలో, ఆళ్లగడ్డ వైపు పల్లె నుండి ఒకమ్మాయిని ఆటోలో తీసుకొచ్చారు. రెండో కాన్పు. బిడ్డ బాగానే పుట్టింది. పుట్టిన పావుగంటకు తల్లికి రక్తం పోవడం మొదలైంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వస్తూ పోతూ ఉంటుంది. కాన్పు తర్వాత ఆ సంచి గట్టిగా ముడుచుకోకపోతే కుళాయి విప్పినట్టే. మందులు ఇచ్చాం, చేయవలసినవి చేశాం, ఫ్రిజ్ తెరిచి చూశాం. ఆ గ్రూపు ప్యాకెట్లు లేవు. రక్తనిధికి ఫోను చేశాం. ఆమెది ఓ పాజిటివ్, అందరికీ ఉండే గ్రూపే. అయినా వాళ్ల దగ్గర ఒక్కటే ప్యాకెట్ ఉందన్నారు. “అది ఇప్పుడే ఇస్తాం. రెండోది కావాలంటే మనుషుల్ని పంపండి. తీసి, పరీక్షలు చేసి ఇచ్చేసరికి కొన్ని గంటలు పడుతుంది” అన్నారు.

బయట వేపచెట్టు కింద ఆమె తరపు మగవాళ్లు అయిదుగురు కూర్చుని ఉండిరి. నేను పోయి విషయం చెప్పాను. లోపలికి వచ్చి పది నిమిషాల తర్వాత మళ్లీ పోయేసరికి ఆ చెట్టు కింద ముసలాయన ఒక్కడే మిగిలాడు. ఆ అమ్మాయి తండ్రి. డెబ్బై ఏళ్ల మనిషి. “నాది తీసుకోండి సిస్టరమ్మా” అని చొక్కా చేయి పైకి మడుస్తున్నాడు. ఆయన దగ్గర తీసుకోకూడదు. భర్త ఏడని అత్తగారిని అడిగితే, “మా వోడు రక్తమిస్తే రేపు వాన పడితే మడక పట్టేదెవరమ్మా?” అంది.

చివరికి రక్తమిచ్చింది వాళ్లను తీసుకొచ్చిన ఆటో అబ్బాయి. “నా లైసెన్సు మీద ఓ పాజిటివ్ అని రాసుంది, చూడండి సిస్టరమ్మా” అంటూ జేబులోనుండి కార్డు తీసి చూపించాడు. అతనే ఆటో వేసుకుని పట్నం పోయాడు. పక్క వార్డులో ఉన్న ఒక రోగి తమ్ముడు అతని వెంట వెళ్లాడు. ఆ అమ్మాయి బతికింది. గర్భసంచి మాత్రం తీసివేయవలసి వచ్చింది. ఆలస్యం వల్లనే అలా జరిగిందని నేను చెప్పలేను. ఆలస్యం మేలు చేయలేదని మాత్రం చెప్పగలను.

వెళ్లిపోయిన మగవాళ్లను తిట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. మూడో రోజున భర్త వచ్చాడు. వార్డు బయట నిలబడి, నేల చూస్తూ అన్నాడు: “సూదికి భయపడలేదక్కా. రక్తమిస్తే మనిషి ఎండిపోతాడు, సంసారానికి పనికిరాడు అంటారు మా ఊర్లో. అందుకే పోయినా.” భార్య మీద ప్రేమ లేని మనిషి కాదు. ఆ మూడు రోజులూ గేటు బయటే పడుకున్నాడని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. అతనికి నిజం చెప్పినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు, అంతే.

అతనికి ఆ రోజు చెప్పిందే మీకూ చెబుతాను. మీ ఇళ్లలో, దుకాణాల్లో, పొలం దగ్గర పనిచేసే వాళ్లకు మీరు చెప్పాలి. పెద్దమనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. తీసేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కిలోలు దాటితే 450 వరకు. పెద్ద గ్లాసుడు మజ్జిగంత. అందులో నీటి భాగం ఒకటి రెండు రోజుల్లోనే తిరిగి వచ్చేస్తుంది. ఎర్రకణాలు కొన్ని వారాల్లో పూర్తిగా నిండుకుంటాయి. ఆ రోజు బరువులు ఎత్తకుండా, నీళ్లు బాగా తాగితే చాలు, మరునాడు మామూలుగా చేనికి పోవచ్చు. మగతనానికీ రక్తదానానికీ ఏ సంబంధమూ లేదు. సూది, సంచి కొత్తవి, ఒకసారి వాడి పారవేస్తారు. ఇచ్చేవారికి ఎయిడ్స్ రావడానికి అక్కడ దారి లేదు.

ఇక, మీ క్లబ్బుకు ఈ మాటలు ఎందుకు చెబుతున్నానంటారా? చెబుతాను.

మీ వంటి క్లబ్బులకు మూలమైన రోటరీ 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగోలో మొదలైంది. పాల్ హారిస్ అనే వకీలు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ, నలుగురు కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక్కొక్క సమావేశం ఒక్కొక్కరి ఆఫీసులో జరిపేవారు గనుక, చక్రంలా తిరుగుతుంది గనుక రోటరీ అన్న పేరు వచ్చింది. వాళ్లు 1907లో పూనుకున్న మొదటి సేవ ఏమిటో తెలుసా? ఊరి మధ్య జనం కోసం మరుగుదొడ్లు కట్టించడం. నాకు ఆ సంగతి చాలా నచ్చింది. దండలు పడే పని కాదది. లయన్స్ క్లబ్బులు కూడా ఆ ఊరిలోనే, 1917లో, మెల్విన్ జోన్స్ ఆధ్వర్యంలో మొదలయ్యాయి. చిత్రమేమిటంటే, ‘బ్లడ్ బ్యాంక్’ అన్న మాట కూడా చికాగోలోనే పుట్టింది. 1937లో అక్కడి కుక్ కౌంటీ ఆసుపత్రిలో డాక్టర్ బెర్నార్డ్ ఫాంటస్ ఆ పేరు పెట్టాడు. డబ్బుల బ్యాంకు వంటిదే, ముందు జమ వేస్తేనే తర్వాత తీసుకోగలం అని ఆయన ఉద్దేశం. ఈ సభలో బ్యాంకు మేనేజరు గారు కూడా ఉన్నారట. ఖాతాలో ఏమీ లేకుండా చెక్కు తెచ్చినవాడిని ఆయన ఏం చేస్తారో మీకే తెలుసు. మే నెలలో మా వార్డు పరిస్థితి అదే.

మరి రక్తదాన శిబిరాలు జరుగుతున్నాయి కదా అని మీరు అడగవచ్చు. జరుగుతున్నాయి. మీరు కూడా ఏటా ఒకటి పెడుతున్నారు. అందుకు కృతజ్ఞతలు. కాని ఆ శిబిరం గురించే ఒక మాట చెప్పాలని వచ్చాను. పిలిచి కూర్చోబెట్టి తప్పు పట్టిందని అనుకోకండి.

నాయకుడి పుట్టినరోజనో, క్లబ్బు వార్షికోత్సవమనో ఒకే రోజు రెండు వందల మంది రక్తమిస్తారు. ఫోటోలు పడతాయి. మామూలు సంచిలో ఎర్రకణాలు 35 రోజులు నిలువ ఉంటాయి, కొన్ని ప్రత్యేక ద్రావణాలు కలిపితే 42 రోజులు. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. ప్లాస్మాను బాగా గడ్డకట్టించి పెడితే ఏడాది ఉంటుంది. అంటే ఆ రెండు వందల ప్యాకెట్లలో నెల రోజుల్లో వాడగలిగినంత వాడతారు. మిగిలింది గడువు దాటితే పారవేయవలసిందే. అది ఒక నష్టం. ఇంకొక నష్టం లెక్కలో కనబడదు. ఆ రోజు ఇచ్చిన రెండు వందల మంది మళ్లీ మూడు నెలల దాకా ఇవ్వకూడదు. ఊళ్లో ఇవ్వడానికి ఇష్టపడే వాళ్లందరినీ ఒకే రోజున ఖర్చు పెట్టేశామన్న మాట. నలభయ్యో రోజున ప్యాకెట్టూ ఉండదు, మనిషీ ఉండడు.

పైగా శిబిరాలకు ఎక్కువగా వచ్చేది కాలేజీ పిల్లలు. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు, ఆ తర్వాత సెలవులు. నంద్యాల, కర్నూలు, కడప ఎండల సంగతి మీకు చెప్పనక్కర లేదు. పెద్దవాళ్లు బయటికి రారు. కాన్పులు మాత్రం సెలవు తీసుకోవు, రోడ్డు ప్రమాదాలూ ఆగవు. తలసీమియా ఉన్న పసివాళ్లకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, లేకపోతే వాడిపోతారు. ఆ పిల్లలకు అక్టోబరులో పెట్టిన శిబిరం మే నెలలో ఎలా పనికివస్తుంది?

ఆపద వచ్చినప్పుడు మన వాళ్లు చేయి చాపరని నేను అనను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలులోకి వచ్చినప్పుడు ఎవరెవరు ఎలా ఆదుకున్నారో మీరంతా చూసినవారే. ఆపద రోజున మనం మంచివాళ్లమే. మామూలు మంగళవారం నాటి సంగతే నేను అడుగుతున్నది.

మామూలు రోజుల్లో, విసుగు లేకుండా, మళ్లీ మళ్లీ చేయడం మీ వాళ్లకు తెలియని విద్య కాదు. రోటరీ 1985లో పోలియో మీద పని మొదలుపెట్టింది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో వచ్చింది. ఒక్క ఆదివారంతో అయిపోయిందా? చుక్కలు వేయడం, వారంలో ఇల్లిల్లూ తిరగడం, గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టడం, మళ్లీ వచ్చే నెల, మళ్లీ వచ్చే ఏడు. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలు హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న మనకు పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. మా వార్డులో ఇప్పుడు చేరుతున్న చిన్న నర్సులు కొత్తగా పోలియో వచ్చిన బిడ్డను చూడలేదు. మేము చూశాము.

2016 నుండి రోటరీ నియమం సడలించి, క్లబ్బులు నెలకు రెండుసార్లు కలిసినా చాలు అన్నారు. మీరు మాత్రం వారం వారం కలవడం మానలేదని కార్యదర్శి గారు చెప్పారు. ఆ వారాన్నే నాకు ఇవ్వమని అడుగుతున్నాను.

లెక్క నేను వేసుకొచ్చాను. మగవారు 90 రోజులకొకసారి రక్తం ఇవ్వవచ్చు. పదమూడు వారాలంటే 91 రోజులు. మీలో 26 మంది ముందుకు వస్తే, వారానికి ఇద్దరు చొప్పున పంపితే, పదమూడో వారం ముగిసేసరికి మొదటి ఇద్దరి వంతు మళ్లీ వస్తుంది. ఏడాదికి 104 ప్యాకెట్లు. మీ వార్షిక శిబిరంలో కూడా ఇంచుమించు అంతే వస్తుంది. కాని ఇది ప్రతి వారమూ తాజాగా వస్తుంది, మే నెలలో కూడా వస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు ఎక్కువ అనిపిస్తే 52 మందిని చేసుకోండి, రెండేసి సార్లు సరిపోతుంది. అన్నదమ్ములను, స్నేహితులను కలుపుకోండి. గుమస్తాను పంపించి తాను గల్లాపెట్టె దగ్గర కూర్చునే పని మాత్రం వద్దు. యజమాని మాట కాదనలేక ఇచ్చే రక్తం దానం కాదు.

ఆడవారు 120 రోజులకొకసారి ఇవ్వవచ్చు. అయితే మన రాష్ట్రంలో ఆడవారిలో సగానికి పైగా రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12.5 ఉంటేనే ఎవరి దగ్గరైనా తీసుకుంటారు. ఇక్కడున్న అమ్మలకు నా మనవి. ముందు పరీక్ష చేయించుకోండి. తక్కువైతే ఇవ్వలేకపోయామని బాధపడకండి. ఆ పరీక్ష వల్ల మీ సంగతి మీకు తెలిసింది కదా. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడండి, మధ్యలో మానకండి. చెనిక్కాయలు, బెల్లం, ఆకుకూరలు, రాగి సంగటి మంచివే. కాని హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయిన గర్భిణికి బెల్లం ముక్క చాలదు. నెలలు నిండేలోగా రక్తం పెంచుకున్న తల్లి కాన్పులో కొంత పోయినా తట్టుకుంటుంది. మా ఫ్రిజ్ మీద భారం తగ్గేది కూడా అక్కడే.

ఎవరు ఇవ్వవచ్చు అన్నది క్లుప్తంగా చెబుతాను. వయసు 18 నుండి 65, మొదటిసారి ఇచ్చేవారు 60 దాటకూడదు. బరువు 45 కిలోలకు తగ్గకూడదు. షుగరు ఉన్నవారు మాత్రలతో అదుపులో ఉండి వేరే ఇబ్బందులు లేకపోతే ఇవ్వవచ్చు, ఇన్సులిన్ తీసుకునేవారు ఇవ్వకూడదు. పచ్చబొట్టు వేయించుకున్నవారు ఏడాది ఆగాలి. బిడ్డకు పాలిచ్చే తల్లి ఇవ్వకూడదు. తాగి వచ్చినవారిని వెనక్కి పంపుతారు. మిగిలినవి అక్కడి డాక్టరు అడుగుతారు. దాచకుండా చెప్పండి. తీసిన ప్రతి ప్యాకెట్టుకూ ఎయిడ్స్, రెండు రకాల కామెర్లు, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. అయినా రోగం అంటిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. అందుకే నోటి మాట కూడా పరీక్షే.

రోగుల బంధువులు తరచుగా అడిగే రెండు మూడు సంగతులు కూడా చెప్పి ముగిస్తాను. ఇవి మీ ద్వారా ఊళ్లకు చేరాలి.

“మా గ్రూపు కలవదు గదమ్మా, మేమెందుకు?” అంటారు. రోగికి ఎక్కించేది సాధారణంగా ముందే పరీక్ష చేసి పెట్టిన రక్తం. దాని బదులుగా మీరిచ్చేది ఏ గ్రూపైనా నిధిలో చేరి ఇంకొకరికి పోతుంది. నిజానికి తండ్రి రక్తం బిడ్డకు, అన్న రక్తం తమ్ముడికి నేరుగా ఎక్కించడం అంత మంచిది కూడా కాదు. దగ్గరి రక్తసంబంధం వల్ల అరుదుగా ప్రమాదకరమైన ఇబ్బంది రావచ్చు.

“ఎంతైనా ఇస్తాం, ఎక్కడైనా కొనుక్కొస్తాం” అంటారు కొందరు. రక్తం అమ్మడం, కొనడం కుదరదు. సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది, 1998 జనవరి 1 నుండి డబ్బు తీసుకుని రక్తమిచ్చేవారిని పూర్తిగా నిషేధించారు. రక్తనిధిలో కట్టించుకునేది సంచికి, పరీక్షలకు అయ్యే ఖర్చు మాత్రమే, దానికి రసీదు అడగండి. ఆసుపత్రి గేటు దగ్గర “నేను మనిషిని పిలిపిస్తా” అని వచ్చేవాడి మాట వినకండి. అవసరానికి రక్తం అమ్ముకునేవాడు తన రోగం గురించి నిజం చెప్పడు.

ఇక డెంగీ. వానల తర్వాత ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గాయని కాగితం చూడగానే బంధువులు నాలుగు ఊళ్లు పరుగెత్తుతారు. రక్తస్రావం లేనంతవరకు, పదివేలకు పడిపోయేదాకా సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించనవసరం లేదు. ఆ రోగికి ముఖ్యం ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం, వాంతులు, కడుపునొప్పి, మగత కనబడితే వెంటనే చెప్పడం. ఎక్కించాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయానికి వదలండి. అనవసరంగా తెచ్చిన ప్లేట్‌లెట్లు అవసరమైన ఇంకొకరికి దక్కకుండా పోతాయి.

నాకు శాలువా కప్పాలని తెచ్చినట్టున్నారు. అది మీ దగ్గరే ఉంచండి. దానికి బదులు నేనొక నోటుపుస్తకం తెచ్చాను. పదమూడు పేజీలు గీతలు కొట్టి పెట్టాను, పేజీకి ఒక వారం, వారానికి రెండు గళ్లు. పేరు, గ్రూపు, ఫోను నంబరు. మొదటి పేజీలో మొదటి గడి నాది. పోయిన వారమే చూపించుకున్నాను, నా హిమోగ్లోబిన్ 12.8. ఆటో అబ్బాయిని కూడా అడిగాను, రెండో గడి తనకు ఉంచమన్నాడు. అతను అప్పటి నుండీ మూడు నెలలకొకసారి ఇస్తూనే ఉన్నాడు. రెండో పేజీ నుండి ఖాళీగా ఉంది. కార్యదర్శి గారు ఈ పుస్తకాన్ని బజ్జీల బల్ల మీద ఉంచుతారు. పేరు రాసినవారు తమ వారం వచ్చినప్పుడు ఉదయం టిఫిను తినే వెళ్లండి, ఖాళీ కడుపుతో వద్దు. ముందు రోజు రాత్రి బాగా నిద్రపోండి. ఇచ్చిన తర్వాత పది పదిహేను నిమిషాలు అక్కడే కూర్చుని వాళ్లిచ్చే పండ్లరసం తాగి రండి. కళ్లు తిరిగినట్టుంటే వెంటనే పడుకోండి, సిగ్గుపడకండి.